అటవీ పరిశోధన బీటుకు చేరే దారి

మెదక్ పట్టణం నుంచి నర్సాపూర్ వైపు వెళ్లినా, పోచారం చెరువు వైపు వెళ్లినా దారి పక్కన అడవి తగులుతుంది. టేకు, నల్లమద్ది, చిరుమాను, సోమి, బిల్లుడు, మోదుగ, తునికి ఇక్కడి ప్రధాన చెట్లు. వానాకాలంలో పచ్చగా కమ్ముకునే ఈ అడవి మార్చి వచ్చేసరికి ఆకంతా రాల్చేసి మోడులా నిలబడుతుంది. హెచ్.జి. చాంపియన్, ఎస్.కె. సేఠ్ 1968లో ప్రచురించిన వర్గీకరణ దీన్ని ఉష్ణమండల శుష్క ఆకురాల్చే అడవుల్లో చేర్చింది. ఆ పేరు కంఠతా వచ్చినంత మాత్రాన బీటు అధికారికి, అంటే అడవిలో ఒక చిన్న విభాగాన్ని చూసుకునే ఉద్యోగికి, ఒరిగేదేమీ లేదు. ఈ రకం చెట్లలో చాలా వాటిని నరికినా మొదట్లోంచి మళ్లీ చిగురు లేస్తుందని, ఆ చిగుళ్లలో ఏది ఉంచాలో ఏది తీసేయాలో, ఏ నెలలో తీసేయాలో తెలిస్తే మాత్రం అతని పనే మారిపోతుంది.

అటవీ పరిశోధన ఆచరణలోకి రావడమంటే ఇదే. ఒక ఫలితం పుస్తకంలో అచ్చయితే చాలదు. అది ఎవరో ఒకరి రోజువారీ పనిలో చేరాలి. ఎప్పుడు చేయాలి, ఏ పనిముట్టుతో చేయాలి, కూలి ఏ పద్దు కింద ఇవ్వాలి, చేస్తే పక్క ఊరికి ఏమొస్తుంది అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు దొరికిన పరిశోధనలే అడవిలో నిలిచాయి. దొరకనివి ఎంత గొప్పవైనా బీరువాల్లో ఉన్నాయి.

భారతదేశంలో ఈ పనికి సంస్థలు తక్కువేమీ కావు. డెహ్రాడూన్‌లో 1906లో పరిశోధన సంస్థ ఏర్పడింది. ఇప్పుడు దేశంలోని కేంద్ర ప్రభుత్వ అటవీ పరిశోధన కేంద్రాల్లో చాలావరకు భారత అటవీ పరిశోధన, విద్యా మండలి కింద ఉన్నాయి. హైదరాబాద్ శివార్లలోని దూలపల్లిలో 1997లో మొదలైన పరిశోధన కేంద్రం 2012లో అటవీ జీవవైవిధ్య సంస్థగా స్థాయి పెంచుకుంది. అటవీ సిబ్బందికి శిక్షణ ఇచ్చే రాష్ట్ర అకాడమీ కూడా దూలపల్లిలోనే ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2016లో అటవీ కళాశాల, పరిశోధన సంస్థను నెలకొల్పింది. దానికి తమిళనాడులోని మెట్టుపాళయం అటవీ కళాశాల ఒరవడి. 2019 డిసెంబరులో అది సిద్దిపేట జిల్లా ములుగులోని సొంత ప్రాంగణానికి మారింది. ఈ ములుగు ఉమ్మడి మెదక్ జిల్లాలోది; సమ్మక్క సారలమ్మ జాతర జరిగే జిల్లా ములుగు వేరు. మెదక్ నుంచి చూస్తే దూలపల్లి, ములుగు రెండూ ఒక్క పూట ప్రయాణంలోపే ఉన్నాయి. కాబట్టి ఫలితాలు అడవికి ఆలస్యంగా చేరితే ఆ తప్పు దూరానిది కాదు.

పరిశోధనకూ అడవికీ మధ్య వారధి వర్కింగ్ ప్లాన్ అనే పత్రం. ప్రతి అటవీ డివిజన్‌కూ సాధారణంగా పదేళ్లకోసారి దాన్ని రాస్తారు. అడవిని కంపార్ట్‌మెంట్లుగా విడగొట్టి, ఒక్కోదానిలో ఏ చెట్లున్నాయి, ఎంత పెరుగుతున్నాయి, ఎక్కడ నరకాలి, ఎక్కడ ముట్టుకోకూడదు అన్నది అందులో ఉంటుంది. 19వ శతాబ్దంలో జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు డీట్రిష్ బ్రాండిస్ బర్మా టేకు అడవుల్లో చెట్లు లెక్కపెట్టిన పద్ధతి నుంచి ఈ సంప్రదాయం ఎదిగింది. ఇప్పుడు దానికి జాతీయ నియమావళి ఉంది. 2004లో వచ్చిన దాన్ని 2014, 2023లలో తిరగరాశారు. ప్రతి కొత్త రూపంలోనూ కలప లెక్క ప్రాధాన్యం తగ్గి, నేల, నీరు, జీవజాతులు, ఊళ్ల అవసరాలు ముందుకొచ్చాయి. కొత్త శాస్త్రం డివిజన్‌లోకి అడుగుపెట్టే అధికారిక ద్వారం ఇదే. ప్లాన్‌లో చేరని సిఫారసుకు బడ్జెట్ దొరకదు. బడ్జెట్ లేని పనిని ఏ రేంజ్ అధికారీ చేపట్టలేడు.

అయితే ఈ రంగంలో అన్నిటికన్నా పెద్ద మలుపు ప్లాన్‌లోంచి రాలేదు. పరిశోధన ప్లాట్లు పాడైపోవడం వల్ల వచ్చింది. 1970ల మొదట్లో పశ్చిమ బెంగాల్ మిడ్నపూర్ జిల్లా ఆరాబారీలో అజిత్ కుమార్ బెనర్జీ అనే అటవీ అధికారి సాల వృక్షాల మీద ప్రయోగాలు నడిపేవారు. నాటిన మొక్కలను పశువులు మేసేవి. పెరిగిన కొమ్మలను కట్టెలకు నరికేవారు. కాపలా పెంచినా, కేసులు పెట్టినా ఫలితం లేదు. వృక్షశాస్త్ర ప్రయోగం కాస్తా మనుషుల సమస్యగా తేలింది. 1972లో ఆయన చుట్టుపక్కల 11 గ్రామాల వాళ్లతో కూర్చుని ఒప్పందం కుదుర్చుకున్నారు. మోడుబారిన 1,272 హెక్టార్ల అడవిని 618 కుటుంబాలు కాపాడతాయి. నాట్ల పని కూలి వాళ్లకే. వంటచెరకు, గడ్డి, ఆకు వాళ్లవే. సాల కలప అమ్మితే వచ్చే దాంట్లో నాలుగో వంతు కూడా వాళ్లదే. నరికిన సాల మొదళ్లు ఇంకా బతికే ఉన్నాయి. పశువులు, గొడ్డళ్లు తప్పుకోగానే అవి చిగురించి అడవిగా లేచాయి. కొత్త విత్తనం, ఖరీదైన ఎరువు ఏమీ అవసరం పడలేదు.

ఆ అనుభవమే 1988 జాతీయ అటవీ విధానానికి, 1990 జూన్‌లో కేంద్రం జారీ చేసిన ఉమ్మడి అటవీ యాజమాన్య ఉత్తర్వుకు బలమైన ఉదాహరణ అయింది. ఆంధ్రప్రదేశ్ 1992లో ఈ బాట పట్టింది. ఊళ్లలో వన సంరక్షణ సమితులు ఏర్పడ్డాయి. వాటినే జనం ‘వీఎస్‌ఎస్’ అంటారు. 2002లో ప్రపంచ బ్యాంకు సాయంతో సామాజిక అటవీ యాజమాన్య పథకం వచ్చింది. ప్రాజెక్టు నిధులున్నంత కాలం సమితులు చురుగ్గా పనిచేశాయి. నిధులు ఆగాక చాలా చోట్ల బోర్డులే మిగిలాయి. ఆరాబారీలో ఊరికి దక్కింది అడవి ఆదాయంలో వాటా. ఇక్కడ ఎక్కువ ఊళ్లకు దక్కింది ప్రాజెక్టు కూలి. ఫలితాల్లో తేడాకు ఇదొక ముఖ్య కారణమని చెప్పడం అన్యాయం కాదు.

ఇక నర్సరీలోకి వస్తే పరిశోధన ఎంతగా రోజువారీ పనిలో కలిసిపోయిందంటే, దాన్ని పరిశోధన అని ఎవరూ గుర్తుపట్టరు. టేకు కాయకు గట్టి పెంకు. నేరుగా విత్తితే మొలక సరిగా రాదు. అందుకే కాయలను రాత్రి నీళ్లలో నానబెట్టి, పగలు ఎండలో ఆరబోసి, ఇలా వారం పది రోజులకు పైగా తిప్పుతారు. తర్వాత మళ్లలో పోసి, ఏడాది వయసు మొక్కలను పీకి, బొటనవేలు లావున్న వేరును జానెడు ఉంచి, కాండాన్ని వేలెడులోపు మిగిల్చి కత్తిరిస్తారు. దీన్ని ‘స్టంపు’ అంటారు. చూడ్డానికి ఎండు పుల్లలా ఉంటుంది. తొలకరి పడగానే గడ్డపారతో గుంత పొడిచి అందులో దింపి, చుట్టూ మట్టిని కాలితో గట్టిగా తొక్కుతారు. మట్టి వదులుగా ఉంటే లోపల గాలి చేరి స్టంపు ఎండిపోతుంది. సంచి మొక్కను మోసుకెళ్లడానికి ట్రాక్టర్ కావాలి. స్టంపులనైతే ఒక మనిషి గోనెసంచిలో వందలకొద్దీ తీసుకెళ్తాడు. పొలం గట్ల మీద టేకు పెట్టుకున్న రైతుల్లో చాలామందికి చేరింది ఈ స్టంపే. తేలిగ్గా మోయగలగడం, తక్కువ ధర, ఒకే ఒక పనిముట్టు ఉంటే శాస్త్రం దానంతటదే ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

తెలుగు నేల మీద పరిశోధన నుంచి పొలానికి ఎక్కువ వేగంతో చేరింది మాత్రం జామాయిల్ క్లోన్. ఈ ఘనత ప్రభుత్వ సంస్థది కాదు, కాగితం మిల్లుది. భద్రాచలం దగ్గర సారపాకలోని ఐటీసీ కర్మాగారానికి గుజ్జు కర్ర కావాలి. విత్తనంతో పెంచిన జామాయిల్ తోటలో ఒక చెట్టు తాటి ఎత్తుకు పోతే పక్క చెట్టు గిడసబారి ఉండేది. 1989లో కంపెనీ శాస్త్రవేత్తలు మేలైన చెట్లను ఏరి, వాటి చిగురు కొమ్మలను మంచుతుంపర గదుల్లో వేరు పట్టించే పని మొదలుపెట్టారు. తల్లి చెట్టు గుణాలన్నీ అలాగే దిగే ఈ పద్ధతిని అంతకు ముందే కాంగోలోనూ, బ్రెజిల్‌లోని అరాక్రూజ్ కంపెనీ తోటల్లోనూ నిరూపించారు. అరాక్రూజ్ బృందానికి 1984లో మార్కస్ వాలెన్‌బర్గ్ బహుమతి కూడా దక్కింది. భద్రాచలంలో 1992 నుంచి క్లోన్ మొక్కలు తోటల్లోకి వెళ్లాయి. విత్తనపు తోట హెక్టారుకు ఏటా 6 నుంచి 10 ఘనపు మీటర్ల కర్ర ఇస్తే, మంచి క్లోన్లు 20కి పైగా ఇచ్చాయని ఆ పరిశోధకులు నమోదు చేశారు. ఖమ్మం, ప్రకాశం, గోదావరి జిల్లాల రైతులు ‘3వ నంబరు’, ‘7వ నంబరు’ అంటూ వరి వంగడాలను అడిగినట్టే క్లోన్లను నంబర్లతో అడగడం నేర్చుకున్నారు. అటవీ అభివృద్ధి సంస్థ తోటల్లోకీ ఇవే వచ్చాయి.

ఇది అంత త్వరగా ఎందుకు పాకింది? మొక్క అమ్మినవాడే కర్ర కొనేవాడు కావడం వల్ల. రైతుకు నాలుగేళ్లలో డబ్బు కనిపించడం వల్ల. నరికిన మొదలు మళ్లీ చిగురించి రెండో పంట ఇవ్వడం వల్ల. అయితే ఒకే తల్లికి పుట్టిన లక్షల చెట్లకు బలహీనత కూడా ఒక్కటే ఉంటుంది. 2000 తర్వాతి దశాబ్దంలో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన లెప్టోసైబ్ అనే చిన్న కందిరీగ ఆకు ఈనెల మీద, కాడల మీద బుడిపెలు లేపి తోటలను ముడుచుకుపోయేలా చేసింది. కొన్ని క్లోన్లను పూర్తిగా పక్కన పెట్టాల్సి వచ్చింది. తట్టుకున్నవాటిని మళ్లీ ఏరుకున్నారు. ఈ రకం పరిశోధన ఎప్పటికీ ముగియదన్న సంగతి పేపరు మిల్లులకు అప్పుడు బాగా తెలిసొచ్చింది.

మెదక్, గజ్వేల్ అడవుల్లో గత దశాబ్దంలో జరిగింది దీనికి పూర్తిగా వేరు తీరు పని. 2015 జూలైలో మొదలైన హరితహారం రాష్ట్రంలో పచ్చదనాన్ని భూభాగంలో 24 శాతం నుంచి 33 శాతానికి పెంచాలని లక్ష్యం పెట్టుకుంది. జనం కంటికి కనిపించింది రోడ్ల పక్క మొక్కలు. అటవీ శాఖలో ఎక్కువ ఫలితం ఇచ్చింది మాత్రం నాటడం కన్నా నాటకపోవడమే. దీన్ని సహజ పునరుత్పత్తికి తోడ్పడటం అంటారు. ముందు అడవి చుట్టూ లోతైన కందకం తవ్వుతారు. తీసిన మట్టిని లోపలి గట్టుగా పోసి దాని మీద గచ్చకాయ గింజలు వేస్తారు. రెండేళ్లలో ముళ్ల కంచె తయారవుతుంది. పశువు దాటదు, ట్రాక్టర్ దాటదు. లోపల మొండి మొదళ్లను నేలబారుగా కొట్టి కొత్త చిగురు రప్పిస్తారు. ఒక మొదలు నుంచి ఏడెనిమిది పిలకలు వస్తే నిటారుగా, బలంగా ఉన్న ఒకటో రెండో ఉంచి మిగతావి కోసేస్తారు. ఏటవాలు మీద నీటి కందకాలు, వాగుల్లో రాతి కట్టలు వేస్తారు. మరీ బోసిపోయిన చోటే మొక్క పెడతారు.

గజ్వేల్ ప్రాంతంలో ఇలా లేచిన అడవిని చూపించడానికి 2019 ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ జిల్లా కలెక్టర్లందరినీ అక్కడికి తీసుకొచ్చారు. మరుసటి ఏడాది జూన్‌లో ఆరో విడత హరితహారాన్ని నర్సాపూర్ అర్బన్ పార్కులో ప్రారంభించారు. శాస్త్రపరంగా ఇందులో కొత్తది ఏదీ లేదు. నేలలో వేరు బతికే ఉంటే అడవి తిరిగొస్తుందని ఆరాబారీ ఎప్పుడో రుజువు చేసింది. కొత్తగా వచ్చింది కందకం తవ్వే యంత్రానికి డబ్బు, తవ్వించే పట్టుదల. ప్రపంచంలోనూ ఇదే ధోరణి. ఫిలిప్పీన్స్‌లోని బొహోల్ దీవిలో 2006 నుంచి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ అండతో జరిగిన పనిలో రైతులు తాడు కట్టిన చెక్కపలకను కాలితో తొక్కుతూ దర్భజాతి గడ్డిని పడుకోబెట్టారు. గడ్డి వంగిపోతే నిప్పు తొందరగా అంటుకోదు. కింద నక్కిన చెట్ల మొలకలకు వెలుతురు తగులుతుంది. కోట్ల మొక్కలు కొని నాటడం కన్నా ఆ పలక చౌకగా పనిచేసింది. మామూలు నాట్ల ఖర్చులో దాదాపు సగమే అయింది.

ఇదే కాలంలో జపాన్ వృక్షశాస్త్రజ్ఞుడు అకిరా మియావాకీ పద్ధతిని తెలంగాణ అటవీ అధికారులు ఇక్కడి నేలకు తగ్గట్టు మార్చి ‘యాదాద్రి నమూనా’ అని పేరు పెట్టారు. ఎకరానికి సుమారు 4,000 స్థానిక మొక్కలను దగ్గర దగ్గరగా నాటి, జీవామృతం, పశువుల ఎరువు వాడతారు. ఊరి ఖాళీ స్థలానికి, పట్టణ పార్కుకు ఇది చక్కగా సరిపోతుంది. వందల హెక్టార్ల క్షీణించిన అడవికి మాత్రం ఇంత దట్టపు నాట్లు అవసరమూ కాదు, ఆ ఖర్చు భరించడమూ కష్టం. ఫొటోలో దట్టంగా కనిపించే ప్రతిదీ అడవి విస్తీర్ణానికి జవాబు కాదన్న విషయం సమీక్షా సమావేశాల్లో తరచూ మరుగున పడుతుంది.

నిప్పు సంగతిలో శాస్త్రం ఆకాశం నుంచి వచ్చింది. 1980ల మొదట్లో హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ ఉపగ్రహ చిత్రాలతో దేశంలోని అడవిని కొలిచింది. 1972-75లో 5.55 కోట్ల హెక్టార్లున్న అటవీ కప్పు 1980-82 నాటికి 4.63 కోట్లకు పడిపోయిందని తేలింది. రికార్డుల్లో ఉన్న అంకెలకూ నేల మీద ఉన్న చెట్లకూ పెద్ద తేడా ఉందని ఆ లెక్క బయటపెట్టింది. 1981లో ఏర్పడిన భారత అటవీ సర్వే సంస్థ 1987 నుంచి విడుదల చేస్తున్న అటవీ స్థితి నివేదికలకు దారి అలా పడింది. అదే సంస్థ 2004 నుంచి ఉపగ్రహాలు పట్టిన మంటల జాడను రాష్ట్రాలకు పంపుతోంది. ఇప్పుడు ఆ కబురు నేరుగా సిబ్బంది సెల్‌ఫోన్‌కే వస్తుంది. అందులో అక్షాంశ రేఖాంశాలు ఉంటాయి. 2017 నుంచి వాడుతున్న కొత్త పరికరం 375 మీటర్ల గడిలో మంటను గుర్తించగలదు. అంతకు ముందు ఆ గడి కిలోమీటరు ఉండేది.

కబురు వచ్చాక చేయాల్సిన పని మాత్రం పాతదే. పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పాలి, లేదా ఆకులను ఊదేసే బ్లోయర్‌తో మంటకు ముందు దారి శుభ్రం చేయాలి. అసలు పని అంతకు ముందే, ఎండలు ముదరకముందే జరగాలి: మంట పాకకుండా అడవిలో వదిలే ఫైర్ లైన్లలోని ఎండుటాకును ఊడ్చి, అదుపులో కాల్చేయడం. ఈ అడవుల్లో మంటలు దాదాపు అన్నీ మనుషులు పెట్టేవే. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు కాల్చేవాళ్లు, గడ్డి లేత చిగురు కోసం అంటించే కాపరులు, ఆర్పకుండా పారేసిన బీడీ. వీటికి తోడు తునికాకు.

తునికాకు వ్యాపారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971 చట్టంతో ప్రభుత్వ అదుపులోకి వచ్చింది. మెదక్, సిద్దిపేట, కామారెడ్డి ఊళ్లలో బీడీలు చుట్టే వేలాది మంది మహిళల బతుకు ఈ ఆకు మీదే ఆధారపడి ఉంది. లేత ఆకు కావాలంటే పొద కొత్తగా చిగురించాలి. నిప్పు పెడితే చిగురిస్తుంది కాబట్టి పాతకాలంలో అడవికి నిప్పు పెట్టేవారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పొదను నేలమట్టానికి కొట్టేసినా నెలన్నరలో అదే చిగురు వస్తుంది. పక్కనున్న టేకు, మద్ది మొలకలు కాలిపోవు. కొమ్మ కొట్టడానికి కూలి పడుతుంది, అగ్గిపుల్లకు కూలి లేదు. ఆ కూలిని సీజన్ ఖర్చులో కలిపాకే ఈ పద్ధతి నిలదొక్కుకుంది. 50 ఆకుల కట్ట, వెయ్యి కట్టల బస్తా లెక్కన నడిచే ఈ వ్యాపారంలో సేకరించేవారికి బోనస్ ఎంత అందుతుందన్నది అడవి ఎంత కాలుతుందన్న ప్రశ్నకు దూరమైనదేమీ కాదు.

తపసి బంకదీ ఇలాంటి కథే. ఉత్తరాంధ్ర కొండల్లో గిరిజనులు చెట్టుకు గొడ్డలితో లోతైన గాట్లు పెట్టి బంక తీసేవారు. నాలుగైదేళ్లకే చెట్టు చచ్చేది, బంకలో బెరడు ముక్కలు కలిసి ధర పడిపోయేది. గిరిజన సహకార సంస్థ, విశాఖలోని కోవెల్ ఫౌండేషన్ కలిసి పలుచగా చెక్కే పనిముట్టును, చెట్టుకు విశ్రాంతి ఇచ్చే పద్ధతిని నేర్పాయి. శుభ్రమైన బంకకు నాణ్యతను బట్టి ఎక్కువ ధర కట్టాకే గొడ్డలి పక్కకు తప్పుకుంది. శిక్షణ తరగతి ఒక్కటే అయితే ఈ మార్పు వచ్చేది కాదు.

ఎదురు ఉదాహరణలూ ఉన్నాయి. త్వరగా పెరుగుతుంది, పశువు ముట్టదు, నీళ్లు లేకపోయినా పచ్చగా ఉంటుందని రోడ్ల మధ్య, పార్కుల్లో కోనోకార్పస్‌ను విపరీతంగా నాటారు. దాని పుప్పొడి అలర్జీ తెస్తుందని, వేర్లు పైపులైన్లను పాడుచేస్తాయని అభ్యంతరాలు వచ్చాక 2022లో తెలంగాణ ఆ మొక్క నాటడం ఆపేయమంది. మొక్కలు బతకాలన్న ఒత్తిడి ఎంపికను ఎటు తోస్తుందో ఇందులో కనిపిస్తుంది. 2018 పంచాయతీరాజ్ చట్టం నాటిన వాటిలో 85 శాతం బతకాలని, లేకపోతే సర్పంచి మీద, కార్యదర్శి మీద చర్య తీసుకోవచ్చని చెప్పింది. అలాంటి పరిస్థితిలో ఊరి కార్యదర్శి నెమ్మదిగా పెరిగే సోమినో బిల్లుడునో ఎంచుకుంటాడని ఆశించడం అత్యాశ.

కొలతల పని మరో చిక్కు. అడవి ఎంత పెరుగుతోందో తెలియాలంటే శాశ్వత నమూనా ప్లాట్లు వేసి, నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున మాను చుట్టూ రంగు గీత గీసి, కొన్నేళ్లకోసారి అదే గీత మీద టేపు పెట్టి కొలవాలి. అధికారి బదిలీ అయి, గీత చెరిగి, రిజిస్టరు మరో గదికి మారితే పదేళ్ల పని పోయినట్టే. వన్యప్రాణుల లెక్క ఈ విషయంలో మెరుగ్గా ఉంది. 2005లో రాజస్థాన్‌లోని సరిస్కాలో పులులే లేవని బయటపడ్డాక పాదముద్రల లెక్కను వదిలేశారు. 2006 నుంచి నాలుగేళ్లకోసారి జరిగే జాతీయ గణనలో బీటు అధికారులే నిర్ణీత దారిలో తెల్లవారుజామున నడిచి, కనిపించిన జింకలు, దుప్పులు, పెంట, గోళ్ల గుర్తులు నమోదు చేస్తారు. ఇప్పుడది ఫోన్‌లోని యాప్‌లోకి ఎక్కుతుంది. శాస్త్రవేత్త రాసిన పద్ధతి బీటు స్థాయి పనిగా ఇంత విస్తృతంగా దిగిన సందర్భాలు అరుదు.

మెదక్, కామారెడ్డి జిల్లాల మధ్య సుమారు 130 చదరపు కిలోమీటర్లలో ఉన్న పోచారం అభయారణ్యం ఒకప్పుడు నిజాం వేట అడవి. 1916-22 మధ్య కట్టిన చెరువు పేరే దానికి వచ్చింది. కొండగొర్రె, నీల్గాయి, చిరుత, ఎలుగు తిరిగే ఈ అడవిలో వేసవి వస్తే జంతువులు తాగే సాసర్ పిట్లలో ట్యాంకరుతో నీళ్లు పోయడం, గడ్డి మైదానంలో కలుపు పొదలు తీయడం సిబ్బందికి నిత్యకృత్యం. చుట్టుపక్కల రైతు అడిగేది మాత్రం చిరుత గురించి తక్కువ, కోతి గురించి ఎక్కువ.

కోతులు ఊళ్ల మీద పడటానికి అడవిలో పండ్ల చెట్లు తగ్గడం ఒక కారణమని గుర్తించి అటవీ శాఖ రావి, మేడి, జువ్వి, నేరేడు, సీతాఫలం లాంటివి నాటి వాటికి ‘మంకీ ఫుడ్ కోర్టులు’ అని పేరు పెట్టింది. 2020 డిసెంబరులో నిర్మల్ దగ్గర కోతుల పునరావాస కేంద్రం కూడా తెరిచి, పట్టిన కోతులకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసి అడవిలో వదులుతున్నారు. రెండూ సరైన దిశలో వేసిన అడుగులే. అయితే మేడిచెట్టు కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది, కోతుల సంఖ్య తగ్గడానికి అంతకన్నా ఎక్కువ. పొలంలో మొక్కజొన్న కంకి ఈ నెలలోనే పాలు పోసుకుంటుంది. ఆ నడిమి కాలానికి రైతు దగ్గర ఉన్నవి సోలార్ కంచె, డప్పు, కాపలా మనిషి. వీలుకానివాళ్లు వేరుశనగ, కూరగాయలు మానేసి పత్తి, వరి వేసుకుంటున్నారు.